జంపఖానాలో ఎడమ సగం

జంపఖానా వెడల్పు ఒక మనిషి చేతులకు అందేది కాదు. అందుకని ఒకే మగ్గం ముందు, ఒకే పలక మీద, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఎడమవైపు మనిషిది ఎడమ సగం, కుడివైపు మనిషిది కుడి సగం. అడ్డంగా నడిచే పేక నూలు నడుమ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంది. ఇద్దరి సగాలూ ఒకే ఎత్తున పెరగాలి. ఒకరు తొందరపడి ఇంకొకరు నిదానిస్తే నేతలో మెట్టు పడుతుంది. ముందుకు పోయాక ఆ మెట్టును సరిచేసే ఉపాయం లేదు, విప్పడం తప్ప.

కాశిబుగ్గలో రాజక్క ఇంటి ముందుగదిలో అలాంటి మగ్గం ఒకటి ఉండేది. దాని ఎడమవైపు భద్రమ్మ, కుడివైపు రాజక్క కూర్చునేవారు. ఇద్దరూ తోటికోడళ్ళు. భద్రమ్మ పెద్దది, భర్త పోయిన మనిషి. రాజక్క పుట్టింది డోర్నకల్లో. తండ్రి రైలు పట్టాల మీద పని చేసేవాడు. అక్కడి బడిలో ఏడో తరగతి దాకా చదివింది. పెళ్ళయి కాశిబుగ్గకు వచ్చేనాటికి ఆమెకు మగ్గం అంటే ఏమిటో తెలియదు. భద్రమ్మే చెయ్యి పట్టుకుని కుడిపక్కన కూర్చోబెట్టి పోగు పట్టడం నేర్పింది. ఆ రోజు ఎక్కడ కూర్చుందో, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా అక్కడే కూర్చుంది.

ఎడమవైపు పెద్దవాళ్ళదని ఆ వాడలో ఒక పద్ధతి. పువ్వు ఎక్కడ మొదలు కావాలో నిలువు పడుగు పోగులు చూసి తేల్చేది ఎడమవైపు మనిషి. రంగు మారేచోట పైకి చెప్పేదీ ఆమే. "ఎరుపు రెండు, తెలుపు ఒకటి" అని భద్రమ్మ అంటే, "అందింది" అని రాజక్క అనేది. ఆ తరువాత ఇద్దరి పంజాలూ ఒకేసారి దిగేవి. పంజా అంటే పేకను కిందికి దిగగొట్టే ఇనుప పళ్ళ పనిముట్టు. బయట రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆ ఇంట్లోంచి ఒక పంజా చప్పుడే వినిపించేది. రెండు వినిపిస్తే ఆ రోజు తోటికోడళ్ళకు ఏదో మాట పడిందని పక్కింటివాళ్ళు అనుకునేవారు.

ఇలా ఎన్నాళ్ళయినా నడిచేది. కానీ రాజక్క మోకాలు వినలేదు. ముందు వానాకాలంలో మాత్రమే నొచ్చేది, తరువాత ఎండాకాలంలోనూ నొచ్చింది. మగ్గం దగ్గరి నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. దవాఖానలో డాక్టరు చూసి, కాలు ముడుచుకుని కూర్చునే పని ఇక ఎక్కువ కాలం చేయలేవని చెప్పాడు. మందు రాసిచ్చాడు. ఆ మందుతో నొప్పి తగ్గేది గానీ పాత మోకాలు కొత్తది కాలేదు.

రాజక్క భర్త ఎల్లస్వామి చేనేత సంఘంలో నూలుకు రంగులు వేసేవాడు. ఎనభై రెండులో ఆ సంఘం ఆడపిల్లలకు జంపఖానా నేత నేర్పే కేంద్రం ఒకటి పెట్టాలని తీర్మానించింది. నేర్పే మనిషికి నెల జీతం. మగ్గాల మధ్య తిరుగుతూ చూసే పని, రోజంతా ముడుచుకుని కూర్చునే పని కాదు. రాజక్కను పెట్టుకుందామని సంఘం కార్యదర్శి రాయమల్లుకు మనసులో ఉంది. అయితే పై ఆఫీసు ఒక షరతు పెట్టింది. హనుమకొండలోని ఒక కాలేజీలో నేతపనివాళ్ళ కోసం మొదలుపెట్టిన చిన్న కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళనే తీసుకోవాలి. వానాకాలంలో మొదలై దసరా దాటాక ముగిసే కోర్సు. చదవడం, రాయడం వస్తే చాలు, చేర్చుకుంటారు.

రాయమల్లు ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు భద్రమ్మ పేక నూలును కండెలుగా చుడుతోంది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆ మాట తన కోసం కాదని ఆమెకు వెంటనే తెలిసింది. రాజక్క తోటికోడలి వైపు చూసింది. తాను పోతే మగ్గం ఆగుతుంది. అదే ఆమె భయం.

భద్రమ్మ చేతిలో కండె ఆపకుండానే అంది. "పో మరి. మోకాలు పోయినంక నువ్వు నాకు జోడీ ఎట్లయితవ్?"

కోర్సు వారానికి మూడు మధ్యాహ్నాలు. రాజక్క పొద్దున్నే మగ్గం మీద కూర్చుని, అన్నం తిని, పోచమ్మమైదాన్ దాకా నడిచి హనుమకొండ బస్సు ఎక్కేది. మొదటి రోజు తరగతిలో వేర్వేరు వాడల నుంచి వచ్చిన నేతవాళ్ళు, రంగులద్దేవాళ్ళు కనిపించారు. ఎక్కువమంది మగవాళ్ళే. బెంచీల మీద కూర్చోవడం వాళ్ళకు కొత్త. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు బెంచీ మీదే ముడుచుకుని కూర్చున్నారు. రాజక్క మాత్రం కాళ్ళు కిందికి వేలాడదీసి కూర్చుంది. ఆమె మోకాలికి ఆ బెంచీ మొదటి రోజే నచ్చింది.

పాఠం చెప్పే లెక్చరర్ మల్లికార్జున్. ముప్పై దాటని మనిషి, మాట నెమ్మది, పట్టు గట్టిది. మొదటి రోజు పాఠమేదీ చెప్పలేదు. మూడు సంగతులు నల్లబల్ల మీద రాసి, అవి ఎందుకో విడమరిచాడు. మొదటిది హాజరు. నాలుగు క్లాసుల్లో మూడింటికి తప్పకుండా రావాలి. పేర్లు పిలిచాక లోపలికి వచ్చినవాళ్ళు కూర్చుని వినవచ్చు గానీ ఆ రోజు హాజరు పడదు. రెండోది క్లాసులో మాట్లాడడం. అడగాలి, చెప్పాలి, పక్కవాళ్ళు చెప్పినదాని మీద తమ అభిప్రాయం చెప్పాలి. దానికీ మార్కులున్నాయి. మూడోది రాతపని. చేతికి బాగా తెలిసిన ఒక డిజైను తీసుకుని, అది మొదటి నుంచి చివరి దాకా ఎలా నేస్తారో, చూడనివాడు చదివి నేయగలిగేలా, ఎవరికి వారే సొంత మాటల్లో రాసి బొమ్మతో సహా ఇవ్వాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా సర్టిఫికెట్ రాదు.

కొత్తవాడకు చెందిన మొగిలయ్య లేచి, సారు మగ్గం కంటె కట్టుదిట్టంగా ఉన్నాడే అన్నాడు. అందరూ నవ్వారు. మల్లికార్జున్ కూడా నవ్వి, ఆ మాటకు ఈ రోజు మొగిలయ్యకు మాట్లాడిన మార్కు పడిందన్నాడు.

రాజక్కకు ఆ షరతులు కష్టంగా తోచలేదు, న్యాయంగా తోచాయి. పనికి ముందే కొలత చెప్పే మనిషి మంచివాడని ఆమె నమ్మకం. పని అయ్యాక కొలత చెప్పేవాళ్ళతోనే తంటా.

హాజరు విషయంలో ఆమె బస్సును నమ్ముకోలేదు. బస్సు రాకపోతే నడిచి సగం దూరం పోయి, అక్కడ మరో బస్సు పట్టుకునేది. వాన పడితే ముందు బస్సుకే బయలుదేరి కాలేజీ వరండాలో చీర కొంగు పిండుకుంటూ నిలబడేది. అసలు తంటా ఇంటి దగ్గర పడింది. ఆమె లేని మధ్యాహ్నాలు భద్రమ్మ చేయగలిగింది తక్కువ. తన సగం ఒక్కటే నేసుకుంటూ పోతే మెట్టు పడుతుంది. అందుకని ఆమె కండెలు చుట్టడం, తెగిన పోగులు ముడివేయడం, వంట చూడడం చేసేది. ఒకసారి ఊరికే కూర్చోలేక పక్కింటి కోడలిని కుడివైపు కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల చేయి మంచిదే. కానీ పంజా దెబ్బ వేరు. సాయంత్రం రాజక్క వచ్చి చూస్తే నడుమ గీత పాము పోయినట్టు వంకరపోయింది. ఇద్దరూ కూర్చుని, చీకటి పడేలోగా అంతా విప్పేశారు. ఆ తరువాత భద్రమ్మ ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు.

క్లాసులో మాట్లాడడమే రాజక్క వల్ల కాలేదు. మాట్లాడడానికి ఏమీ లేక కాదు. రంగుల గురించి సారు ఏదైనా అడిగితే జవాబు ఆమె నాలుక చివర ఉండేది. కానీ ముందు ఎవరో ఒకరు అంటే అందుకోవడమే ఆమెకు అలవాటు. మొగిలయ్య ఏదో అన్నాక, అది సరైనదైతే, ఆమె నోట్లోనే "అందింది" అనుకునేది. తప్పయితే గమ్మున ఉండేది. మొగిలయ్య తప్పులే ఎక్కువ చెప్పేవాడు, కాబట్టి ఆమె గమ్మున ఉండడమే ఎక్కువ.

ఒక రోజు క్లాసు అయ్యాక మల్లికార్జున్ ఆమెను ఆపాడు. నువ్వు వింటున్నావని నాకు కనిపిస్తోంది, కానీ కనిపించినదానికి మార్కు వేయలేను, వినిపించాలి అని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. రాజక్క తల ఊపింది. మరుసటి క్లాసులోనూ మాట్లాడలేదు.

దసరా సెలవులకు ముందు రాతపని ఇచ్చే రోజు వచ్చింది. రాజక్క తీసుకున్న డిజైను ఎనిమిది రేకుల పువ్వు. చుట్టూ మెట్ల అంచు, నడుమ పువ్వు. ఆమె, భద్రమ్మ కలిసి ఎన్నో నేశారు. ఆమె కూర్చుని నింపాదిగా రాసింది. పడుగు ఎంత బిగువుగా ఉండాలి, అంచు ఎక్కడ మలుపు తిరుగుతుంది, రేకు కొన ఎలా సన్నబడుతుంది, పంజా ఎంత బలంతో దింపాలి, అన్నీ రాసింది. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి రంగులు నింపింది. ఇంత చక్కగా తాను ఏదీ రాయలేదని ఆమెకే అనిపించింది. ఎల్లస్వామికి చూపిస్తే బొమ్మలో ఎరుపు బాగా కుదిరిందన్నాడు. అతను చూసేది ఎప్పుడూ రంగే.

మల్లికార్జున్ అందరి రాతపనులూ చదివి తరువాతి క్లాసులో తిరిగి ఇచ్చాడు. రాజక్కకు ఇచ్చేటప్పుడు కాగితం విప్పి మళ్ళీ చూశాడు. బొమ్మ కాగితానికి కుడి సగంలోనే ఉంది. ఎడమ సగం ఖాళీ. పువ్వుకు నాలుగే రేకులు. రాతలో కూడా అంతే. కుడి అంచు నుంచి మొదలై నడుమకు వచ్చి ఆగిపోయింది.

"ఇది సగమే కదమ్మా. మిగతా కాగితం ఇంట్లో మరిచావా?" అని అడిగాడు.

రాజక్క లేచి నిలబడింది. క్లాసులో ఆమె గొంతు వినిపించడం అదే మొదటిసారి.

"మరువలే సార్. అది నా సగం. ఎడమ సగం మా అక్కది. ఎవలిది వాళ్ళే రాయాలంటిరి గదా."

ఎవరూ నవ్వలేదు. అక్కడున్న నేతవాళ్ళందరికీ ఆ మాట సబబుగానే వినిపించింది. మల్లికార్జున్ కాగితంలో ఖాళీ సగం మీద చెయ్యి పెట్టాడు. అద్దంలో చూసినట్టు రెండో సగం కూడా ఇదే కదా, తిప్పి గీస్తే సరిపోదా అని అడిగాడు. రాజక్క కాదంది. బొమ్మ తిప్పి గీయవచ్చు, పని అలా తిరగదు. పువ్వు నడుమ ఎక్కడ పడాలో తేల్చేది ఎడమవైపు మనిషి. అక్క చెప్పిన చోట తాను మొదలుపెడుతుంది. అక్క ఆ చోటును ఎలా పట్టుకుంటుందో తాను ఏనాడూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు. తెలియనిది తెలిసినట్టు రాయడానికి చెయ్యి రాలేదు.

"తెలియనిది రాయకపోవడం మంచి పనే," అన్నాడు మల్లికార్జున్. "కానీ ఈ కాగితం చదివినవాడు సగం జంపఖానాయే నేయగలడు. సగం జంపఖానా మీద ఎవరు కూర్చుంటారు? రేపు నువ్వు పిల్లలకు నేర్పాలంటున్నావు. ఎడమవైపు కూర్చున్న పిల్లకు ఏం చెబుతావు?"

ఆయన ఆ రోజు ఆమెకు మార్కు వేయలేదు, సున్నా కూడా వేయలేదు. సెలవుల తరువాత మొదటి క్లాసులో పూర్తి పని తెచ్చి ఇవ్వమన్నాడు. ఇతరుల దగ్గర నేర్చుకున్నది రాస్తే తప్పు కాదని, ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ పేరు పెట్టి రాయాలని, అదొక్కటే నియమమని చెప్పాడు. గడువు మాత్రం అంతకు మించి పొడిగించేది లేదన్నాడు.

బస్సులో వస్తూ రాజక్క ఆ మాటలనే తలచుకుంది. సారు మీద ఆమెకు కోపం రాలేదు. ఇన్నేళ్ళు మగ్గం మీద కూర్చుని తనకు తెలిసింది సగం జంపఖానాయేనా అని ఆశ్చర్యం వేసింది. తనను నేతగత్తె అనుకుంది. కుడిచేతి పని మాత్రమే తెలిసిన మనిషిని ఏమనాలి?

భద్రమ్మను నోటితో అడిగితే చెబుతుంది. కానీ నోటితో చెప్పేది కాదు అది. పోగు మీద వేలు పెడితేనే తెలిసేది. ఆ పోగు మీద వేలు పెట్టాలంటే ఎడమవైపు కూర్చోవాలి. అక్క బతికి ఉండగా, అక్క చేతులు ఆడుతుండగా, ఆ చోటు అడగడం ఎలా? ఆ వాడలో ఎడమవైపు చోటు మారేది పెద్దవాళ్ళు మంచం పట్టినప్పుడే.

రెండు రోజులు ఆమె అడగలేదు. సెలవులు మొదలయ్యాయి. వాడలో సాయంత్రాలు ఆడవాళ్ళు బతుకమ్మలు పేరుస్తున్నారు. భద్రమ్మ కూడా తంగేడు పూలు ముందేసుకుని పళ్ళెంలో వరసలు పేరుస్తోంది. రాజక్క ఎదురుగా కూర్చుని పూల కాడలు తుంచి అందిస్తోంది.

"కాలేజీల ఏమన్నరే? వచ్చిన కాడ్నుంచి మూతి ముడుసుకున్నవ్," అంది భద్రమ్మ.

రాజక్క చెప్పింది. సగమే రాసిన సంగతి, సారు తిప్పి ఇచ్చిన సంగతి, గడువు సంగతి చెప్పింది. చివర్న, కాడలు తుంచుతున్న చేతులనే చూసుకుంటూ అడిగింది.

"అక్కా, జర కొన్ని రోజులు నన్ను నీ దిక్కు కూసోనిస్తవా?"

భద్రమ్మ చేతిలోని పువ్వు వరసలో పెట్టింది. ఇంకొకటి పెట్టింది. ఆ వరస పూర్తి చేసింది. తరువాత పళ్ళెం పక్కకు జరిపి, "నేనింకా సావలేదే రాజీ," అంది. గొంతులో కోపం లేదు. అందుకే రాజక్కకు ఎక్కువ బాధేసింది. వద్దులే అక్కా, రాసినకాడికే ఇస్తా, సారు ఏమంటే అది అననీ అని లేచింది.

మరునాడు పొద్దున రాజక్క ఇల్లు ఊడ్చి ముందుగదిలోకి వచ్చేసరికి భద్రమ్మ మగ్గం మీద కూర్చుని ఉంది. కుడివైపు.

"కూసో. ఎండెక్కుతాంది," అంది.

రాజక్క ఎడమవైపు వెళ్ళి కూర్చుంది. పలక ఆ వైపు అరిగి గుంట పడి ఉంది, అది భద్రమ్మ కూర్చున్న గుంట. తన శరీరం దానిలో కుదరలేదు. పడుగు ముందు చెయ్యి పెడితే ఏ పోగును మొదట పట్టుకోవాలో తెలియలేదు. భద్రమ్మ వంగి, అంచు నుంచి నడుమ దాకా పోగులను పిడికిలితో కొలిచి చూపించింది. లెక్క అంకెల్లో లేదు, పిడికిళ్ళలో ఉంది. పిడికిలి పట్టాక మిగిలిన పోగులను రెండు పాయలు చేసి, పాయలు సమానంగా ఉంటే అవి విడిన చోటే నడుమ, లేకుంటే ఒక పోగు కుడివైపు వదలాలి. ఆ వదిలిన పోగునే రాజక్క ఇన్నేళ్ళూ కుడివైపు నుంచి అందుకుంటూ వచ్చింది. అది ఎందుకు వస్తుందో ఎన్నడూ అడగలేదు.

నేత మొదలయ్యాక అసలు వింత బయటపడింది. రాజక్క తడబడుతుందని ఇద్దరికీ తెలుసు. భద్రమ్మ కూడా తడబడుతుందని ఇద్దరూ అనుకోలేదు. కుడివైపు ఆమె చెయ్యి రేకు కొన దగ్గర ఆగిపోయింది. రేకును సన్నబరుస్తూ పోయి ఎక్కడ తెంపాలో ఆమెకు తెలియదు, ఆ పని ఎప్పుడూ రాజక్కదే. పైగా ఇద్దరికీ నోళ్ళు మారలేదు. రంగు మారేచోట భద్రమ్మ కుడివైపు నుంచే "తెలుపు ఒకటి" అంటుంది, రాజక్క ఎడమవైపు నుంచే "అందింది" అంటుంది. తీరా చూస్తే ఒకరు ఎరుపు మీద, ఒకరు తెలుపు మీద ఉంటారు.

"నీ దిక్కు ఇంత ఇరుకేందే? మోచెయ్యి గోడకు తాకుతాంది," అని భద్రమ్మ విసుక్కుంది.

"నేను ఇన్నేండ్లు ఆ గోడకే ఆనుకున్నక్కా."

"మరి ఎన్నడు చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

భద్రమ్మ ఒక్క నిమిషం పంజా ఆపి ఆ గోడ వంక చూసింది. రాజక్క మోచెయ్యి రాసుకుని సున్నం పోయి, ఎర్రమన్ను తేలిన మచ్చ ఒకటి అక్కడ ఉంది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఎల్లస్వామిని పిలిచి మగ్గాన్ని జానెడు ఎడమకు జరిపించారు. మగ్గం పెట్టిన నాడే చేయాల్సిన పని అది.

సెలవులన్నీ అలాగే నేశారు. ఆ జంపఖానా కుదరలేదు. పువ్వులో ఒక రేకు లావు, ఒక రేకు బక్క. నడుమ గీత రెండుచోట్ల జరిగింది. సంఘానికి ఇస్తే రాయమల్లు మర్యాదకు తీసుకునేవాడేమో గానీ వాళ్ళు ఇవ్వలేదు. ఇంట్లోనే పరుచుకున్నారు. కానీ పై అంచుకు వచ్చేసరికి పనిలో తేడా కనిపించింది. చివరి జానెడు నేతలో మెట్టు లేదు. రోడ్డు మీద పోయేవాళ్ళకు మళ్ళీ ఒకే పంజా చప్పుడు వినిపించింది.

రాజక్క రాతపని మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఈసారి కాగితానికి ఎడమ చివర మొదలుపెట్టింది. పిడికిలి కొలతను ఎలా రాయాలో తెలియక చాలాసేపు తంటాలుపడింది. నేసేవాళ్ళ పిడికిళ్ళు ఒకే తీరుగా ఉండవు. భద్రమ్మ పిడికిలి చిన్నది. ఆఖరుకు, ఎవరి పిడికిలితో కొలిచినా ఫరవాలేదు, మిగిలిన పోగులను పాయలు చేయడంలోనే అసలు పని ఉంది అని రాసింది. ఎడమ సగం మా తోటికోడలు భద్రమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే అవి నావి అని చివర పేరు పెట్టింది. పొట్టిగా, కొట్టివేతలతో, మొదటిదాని కంటె అందం తక్కువగా వచ్చింది. కానీ రేకులు ఎనిమిది ఉన్నాయి.

సెలవుల తరువాత మొదటి క్లాసు రోజున మోకాలు వాచింది. కొన్ని రోజులు ఎడమవైపు వంకరగా కూర్చున్న ఫలితం. అంతకు ముందే జ్వరం వచ్చి కొన్ని క్లాసులు పోయాయి. ఇంకొకటి పోతే హాజరు చాలదు. గడువు కూడా ఆ రోజే. ఎల్లస్వామి రిక్షా తెచ్చాడు. భద్రమ్మ ముందుగానే ఎక్కి కూర్చుని, రాజక్కకు చెయ్యిచ్చి ఎక్కించుకుంది. పేర్లు పిలిచే వేళకు రాజక్క బెంచీ మీద ఉంది. భద్రమ్మ వరండాలో గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

ఆ రోజు మల్లికార్జున్ ఎవరి రాతపనిని వాళ్ళే నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పమన్నాడు. చూడనివాడికి అర్థమవుతుందో లేదో అలాగే తెలుస్తుందన్నాడు. మొగిలయ్య చాలాసేపు చెప్పాడు. అందులో డిజైను కొంచెం, మొగిలయ్య ఎక్కువ. తరువాత రాజక్క వంతు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎవరో ముందు అనాలి, అప్పుడు తాను అందుకోవాలి. ఎవరూ అనలేదు.

గుమ్మం బయట భద్రమ్మ ఆమె వైపే చూస్తోంది. పెదవి కదపలేదు. చూస్తోంది అంతే. ఇది నీ దిక్కు, నువ్వే అనాలి అన్నట్టు ఉంది ఆ చూపు.

రాజక్క నల్లబల్ల ఎడమ చివర సుద్దముక్క పెట్టింది. పిడికిలి ఎలా పట్టాలో చూపించింది. పోగులను పాయలు చేయడం గీసి చూపించింది. అంచు మలుపు దాటి పువ్వు మొదలయ్యే చోటికి వచ్చాక మగ్గం మీద చెప్పినట్టే, అదే రాగంతో, "ఎరుపు రెండు, తెలుపు ఒకటి" అంది.

"అందింది," అన్నాడు వెనక బెంచీలోంచి మొగిలయ్య. అనుకోకుండా వచ్చిన మాట అది. చిన్నప్పుడు అతనూ కుడివైపే కూర్చున్నాడు.

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. రంగు మారిన ప్రతిచోటా ఆమె అంటే, బెంచీల మీదివాళ్ళు ఒకరి తరువాత ఒకరు అందుకున్నారు. ఒకచోట ఆమె తప్పు చెబితే అందుకోకుండా ఆగారు. ఆమె చూసుకుని దిద్దుకుంది. మల్లికార్జున్ గోడకు ఆనుకుని అంతా విన్నాడు. చివర్న ఒకటే ప్రశ్న అడిగాడు. పాయలు సమానంగా లేనప్పుడు మిగిలిన పోగును కుడివైపే ఎందుకు వదలాలి, ఎడమవైపు ఎందుకు కాదు?

రాజక్క గుమ్మం వైపు చూసింది. భద్రమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎర్కలేదు సార్. మా అక్కకు కూడ ఎర్కలేదట. మా అక్కకు మా అత్త నేర్పింది."

తెలియదని చెప్పడం కూడా మాట్లాడడమే అంటూ ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

రాజక్కకు సర్టిఫికెట్ వచ్చింది. మంచి మార్కులేమీ కావు. హాజరు అంచున నిలిచింది, మాట్లాడినదానికి తక్కువే వచ్చాయి, రాతపని మీద అక్షరాలు ఇంకా గుండ్రంగా రాయాలని ఉంది. మరుసటి ఏడు సంఘం కేంద్రం మొదలైనప్పుడు రాయమల్లు ఆమెకు గోడ పక్కన ఒక కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలో ఆమె కూర్చున్నది తక్కువ, మగ్గాల మధ్య నిలబడింది ఎక్కువ. నేర్చుకునే ఆడపిల్లలకు ఆమె పెట్టిన షరతులు కొన్ని కాలేజీవే. పేర్లు పిలవకముందే రావాలి. నేసిన ప్రతి డిజైనూ రెండు సగాలూ కాగితం మీద గీసి ఇవ్వాలి. ఒకటి మాత్రం ఆమె సొంతం. వారం మారితే పలక మీద చోటు మారాలి. ఎడమవైపు పిల్ల కుడివైపుకు, కుడివైపు పిల్ల ఎడమవైపుకు. పెద్దచిన్నలు లేవు. మొదట్లో వాడలో ముసలివాళ్ళు దీన్ని తప్పుపట్టారు. ఆమె వాదించలేదు. పిల్లలు నేసిన జంపఖానాలను పరిచి చూపించింది, వాళ్ళు చూసుకున్నారు.

కుడివైపు ఖాళీ అయిన భద్రమ్మకు జోడీ కావాల్సి వచ్చింది. మొదటి జట్టులో నేర్చుకున్న పూలమ్మ అనే పిల్లను రాజక్కే పంపింది. పంపిన వారానికి భద్రమ్మ నడుచుకుంటూ కేంద్రానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం ఎర్రగా ఉంది.

ఏమైంది అక్కా, పిల్ల చెయ్యి మంచిగ లేదా అని రాజక్క అడిగింది. చెయ్యి బాగానే ఉందంది భద్రమ్మ. పొద్దున ఆలస్యంగా వస్తోందా అంటే, తన కంటే ముందే వచ్చి కండెలు చుట్టి పెడుతోందంది.

"మరేందక్కా?"

"కుడిదిక్కు కూసోని నా దిక్కు సంగతి నాకే చెప్తాందే. అమ్మా, ఒక పోగు అటు పోయింది సూడు అంటది."

"పోలేదా మరి?"

భద్రమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. రాజక్క ఆమెకు కుర్చీ జరిపింది. ఆమె కూర్చుని, మగ్గాల మీది పిల్లలను కాసేపు చూసింది.

"పోయింది," అంది. "పోకుంటే ఇంత దూరం ఎందుకొస్త? ఆడనే ఆ పిల్లను తిట్టి కూసుందు."